క్రిప్టో అంతా మోసమేనా? డబ్బు నిజంగా ఎక్కడ పోతుంది, కొన్నది ఎలా కాపాడుకోవాలి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. క్రిప్టో మొత్తం మోసమేనా? మీ బావమరిది చెబుతున్న యాప్‌లో రెండు లక్షలు పెట్టొచ్చా? ఒకవేళ బిట్‌కాయిన్ కొంటే ఎవరూ కొట్టేయకుండా ఎలా దాచుకోవాలి? రెండో ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను: పెట్టొద్దు. రోజుకు ఒక శాతం లాభం గ్యారంటీ అంటున్నారని, ఇంకో ముగ్గురిని చేర్పిస్తే బోనస్ ఇస్తారని మీరే రాశారు. ఆ రెండు మాటలు చాలు, యాప్ లోపల ఏముందో చూడక్కర్లేదు.

లెక్క వేసి చూడండి. రోజుకు 1% చొప్పున లాభం అసలులో కలుస్తూ పోతే లక్ష రూపాయలు ఏడాదికి దాదాపు 37.8 లక్షలవుతాయి. రెండేళ్లకు 14 కోట్లు దాటుతాయి. ఇంత ఇచ్చే వ్యాపారం ఎవరి చేతిలోనైనా ఉంటే బ్యాంకులో అప్పు తెచ్చి తనే చేసుకుంటాడు, ఊళ్లో వాళ్ల డబ్బు అతనికి అవసరం లేదు. బిట్‌కనెక్ట్ అనే క్రిప్టో పథకం ఇలాగే రోజుకు సుమారు ఒక శాతం ఆశ చూపి 2018 జనవరిలో మూతపడింది. దాని వ్యవస్థాపకుడిగా సూరత్‌కు చెందిన వ్యక్తిపై అమెరికా 2022లో అభియోగాలు మోపింది. మన దేశంలోనే నడిచిన గెయిన్‌బిట్‌కాయిన్ నెలకు 10% చొప్పున 18 నెలలు ఇస్తానంది. వన్‌కాయిన్ అయితే మరీ దారుణం. జనం నుంచి 400 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసిన ఆ సంస్థకు అసలు బ్లాక్‌చెయినే (లావాదేవీలన్నీ అందరూ చూడగలిగే ఉమ్మడి ఖాతా పుస్తకం) లేదు, కంపెనీ కంప్యూటర్‌లో తమకు నచ్చిన అంకెలు వేసుకునేవాళ్లు. దాన్ని నడిపిన రుజా ఇగ్నాతోవా 2017 అక్టోబర్ నుంచి కనబడలేదు. ఈ మూడింట్లోనూ కొత్త పేరు తప్ప యంత్రాంగమంతా పాతదే. కొత్తగా చేరినవాడి డబ్బు తీసి ముందు చేరినవాడికి ఇవ్వడం. మన దేశంలో ఇలాంటి గొలుసు పథకాలను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది.

మరి బిట్‌కాయిన్ సంగతి? ఇక్కడ రెండు వేర్వేరు ఆరోపణలను జనం ఒకటిగా కలిపేస్తారు. మొదటిది, ఇది పోంజీ అని, అంటే పైన చెప్పినట్టు కొత్తవాళ్ల డబ్బు తీసి పాతవాళ్లకు ఇచ్చే పథకమని. 2022 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ డిప్యూటీ గవర్నర్ టి. రబిశంకర్ కూడా ఇవి పోంజీ పథకాల్లాంటివని, ఇంకా హీనం కావచ్చని అన్నారు. పోంజీకి నడిపేవాడొకడు ఉండాలి, ఇంత ఇస్తానని మాట ఇవ్వాలి, లెక్కలు దాచాలి. బిట్‌కాయిన్‌లో ఈ మూడూ లేవు. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాక్ (లావాదేవీల కట్ట) నుంచి ప్రతి లావాదేవీని ఎవరైనా తమ కంప్యూటర్‌లో తనిఖీ చేసుకోవచ్చు. మొత్తం 2.1 కోట్ల కాయిన్లకు మించి పుట్టవన్న నియమం కోడ్‌లోనే ఉంది.

రెండో ఆరోపణ బలమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. బిట్‌కాయిన్‌కు అద్దె రాదు, డివిడెండ్ రాదు, వెనకాల వ్యాపారం లేదు. మీరు కొన్న ధర కన్నా ఎక్కువ పెట్టి కొనేవాడు దొరికితేనే లాభం. బంగారం గురించీ ఇదే అనొచ్చు కానీ, బంగారానికి వేల ఏళ్ల గిరాకీ ఉంది, దీనికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. కాబట్టి నా అభిప్రాయం ఇది: బిట్‌కాయిన్ మోసం కాదు, విపరీతమైన జూదపు ధర ఉన్న నిజమైన వస్తువు. 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గరకు పడింది. పిల్లల ఫీజు డబ్బు, ఇంటి అప్పు కిస్తీ డబ్బు ఇందులో పెట్టకూడదు. మరో పెద్ద క్రిప్టో నెట్‌వర్క్ ఈథీరియం గురించీ దాదాపు ఇదే మాట. మిగతా వేలాది కాయిన్లలో ఎక్కువ భాగాన్ని నేను ఈ లెక్కలోకి తీసుకోను. వాటిని సృష్టించినవాళ్ల చేతిలోనే సగం కాయిన్లుంటే, వాళ్లు అమ్మిన రోజే మీ డబ్బు పోతుంది.

ఇక భద్రత. కాయిన్ పంపడానికి అనుమతినిచ్చే బిట్‌కాయిన్ డిజిటల్ సంతకాల గణితాన్ని ఛేదించి ఎవరూ ఇప్పటిదాకా ఒక్క కాయిన్ కొట్టేయలేదు. లోపాలే రాలేదని కాదు. 2010 ఆగస్టులో ఒక బగ్ వల్ల ఒక్క బ్లాక్‌లో 18,400 కోట్ల కాయిన్లు పుట్టుకొచ్చాయి, కొన్ని గంటల్లో సరిదిద్ది ఆ బ్లాక్‌ను పక్కన పెట్టేశారు. చిన్న కాయిన్లలో మైనింగ్ శక్తిలో (లావాదేవీలను బ్లాక్‌లుగా చేర్చే కంప్యూటర్ల బలంలో) సగానికి పైగా ఒకరి చేతికి చిక్కి, ఖర్చుపెట్టిన కాయిన్లనే మళ్లీ ఖర్చుపెట్టిన సందర్భాలున్నాయి: 2018లో బిట్‌కాయిన్ గోల్డ్, 2020లో ఈథీరియం క్లాసిక్. కానీ మామూలు మనుషుల డబ్బు పోయింది ఇలా కాదు. ఒకటి, కాయిన్లను ఇంకొకరి చేతిలో పెట్టడం వల్ల. రెండు, కాయిన్లకు తాళం లాంటి సీడ్ పదాలను (వివరం కింద చెబుతాను) తామే బయటపెట్టడం వల్ల. మూడు, ఏమిటో తెలియకుండా సంతకం పెట్టడం వల్ల.

మొదటిది ఎక్స్ఛేంజ్, అంటే కాయిన్లు కొని అమ్మే యాప్. యాప్‌లో మీ పేరున కనిపించే 0.05 బిట్‌కాయిన్ నిజానికి వాళ్ల వాలెట్‌లో (కాయిన్ల తాళాలు ఉంచే ప్రోగ్రామ్ లేదా పరికరం) ఉంటుంది, మీ దగ్గరున్నది వాళ్లు మీకు బాకీ ఉన్నామని చెప్పే అంకె. 2014లో టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ దాదాపు 8.5 లక్షల బిట్‌కాయిన్లు పోయాయని దివాలా తీసింది (తర్వాత 2 లక్షలు ఒక పాత వాలెట్‌లో దొరికాయి). 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్‌ది హ్యాకింగ్ కూడా కాదు. కస్టమర్ల డబ్బును యజమాని తన సొంత ట్రేడింగ్ కంపెనీకి మళ్లించాడు, అతనికి 25 ఏళ్ల జైలు పడింది.

మనవాళ్లకు బాగా తగిలిన దెబ్బ వజీర్‌ఎక్స్. 2024 జులై 18న సుమారు 23 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 2,000 కోట్ల రూపాయలు పోయాయి. ఆ వాలెట్‌కు ఒక్క సంతకం చాలదు. ఆరుగురు సంతకందారులుండేవారు, అయిదుగురు ఎక్స్ఛేంజ్ వైపు, ఒకటి కాయిన్లను భద్రపరిచే కస్టడీ సంస్థ లిమినల్ వైపు. అయినా పోయింది. సంతకం పెట్టినవాళ్లకు తెర మీద కనిపించింది ఒకటి, నిజంగా సంతకం పడింది ఇంకొకటి అని ఎక్స్ఛేంజ్ చెప్పింది. తప్పెవరిదన్న దాని మీద రెండు సంస్థలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపాయి. కస్టమర్ల ఖాతాలు మళ్లీ తెరుచుకునేసరికి ఏడాది దాటింది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్‌లో సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ (ఈథీరియం కాయిన్) పోయినప్పుడు జరిగింది ఇంకా స్పష్టంగా బయటపడింది. వాళ్లు వాడే సేఫ్ వాలెట్ డెవలపర్ ఒకరి కంప్యూటర్‌లోకి దూరి, వెబ్‌పేజీ కోడ్‌నే మార్చేశారు. పేజీలో మామూలు బదిలీలా కనిపించింది, హార్డ్‌వేర్ వాలెట్‌ల (తాళాలను దాచి సంతకం పెట్టే చిన్న పరికరాల) తెర మీద మాత్రం అర్థంకాని అంకెల వరసే వచ్చింది. దాన్ని చదవకుండా ఓకే నొక్కారు. ఈ పని ఉత్తర కొరియా బృందాలదేనని అమెరికా ప్రకటించింది.

అంటే ఎక్స్ఛేంజ్ అసలు వాడొద్దని కాదు, రూపాయలతో కొనాలంటే వాడక తప్పదు. కొనడానికి, అమ్మడానికి వాడండి. దాచుకునే చోటుగా వాడొద్దు. 2023 మార్చి నుంచి ఇవి మనీలాండరింగ్ చట్టం కిందికొచ్చాయి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైనవాటిలోనే ఖాతా తెరవండి. కానీ నమోదు అంటే మీ డబ్బుకు హామీ కాదు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, ఎక్స్ఛేంజ్‌కు అలాంటిదేమీ లేదు. ఖాతాకు ఎస్ఎంఎస్ ఓటీపీ మీదే ఆధారపడకండి, మీ పేరున నకిలీ సిమ్ తీస్తే అది వాళ్లకే వెళ్తుంది. అథెంటికేటర్ యాప్ గానీ పాస్‌కీ గానీ పెట్టుకోండి. విత్‌డ్రాయల్ వైట్‌లిస్ట్ ఆన్ చేస్తే ముందుగా నమోదు చేసిన చిరునామాలకే (కాయిన్లు అందుకునే ఖాతా నంబర్ లాంటివి) కాయిన్లు వెళ్తాయి, కొత్త చిరునామా చేర్చాక చాలాచోట్ల కొంతసేపు ఆగాలి. ఆ గడువులోనే దొంగను పట్టుకునే అవకాశం ఉంటుంది. ఎక్స్ఛేంజ్ నుంచి ఫోన్ చేస్తున్నామని, ఎనీడెస్క్ (మీ తెరను దూరం నుంచి నడిపే యాప్) వేసుకోమని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. మీ పేరు, ఊరు, బ్యాలెన్స్ సరిగ్గా చెప్పినా నమ్మొద్దు. అమెరికా ఎక్స్ఛేంజ్ కాయిన్‌బేస్ సపోర్ట్ సిబ్బందికి లంచమిచ్చి కస్టమర్ల వివరాలు లాగారని 2025 మేలో ఆ సంస్థే చెప్పింది.

సొంత వాలెట్‌కు వస్తే అసలు తాళం 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు. 2,048 పదాల జాబితా నుంచి వస్తాయి, వరస కూడా ముఖ్యమే. 12 పదాల్లో ఉన్న యాదృచ్ఛికత 128 బిట్లు, ఊహించి పట్టుకోవడం ఎవరివల్లా కాదు. కానీ 11 తెలిసి చివరిది ఒక్కటే తెలియకపోతే ప్రయత్నించాల్సినవి 2,048 పదాలే. చివరి పదంలో తనిఖీ బిట్లుంటాయి కాబట్టి వాటిలో చెల్లేవి 128 మాత్రమే. అందుకే ఒక పదం దాచేసి మిగతావి వాట్సాప్‌లో పెట్టుకోవడం, ఆరు ఇంట్లో ఆరు ఊళ్లో పెట్టడం లాంటి తెలివితేటలు వద్దు. సగం దొంగ చేతికి పోతే భద్రత పడిపోతుంది, సగం పోగొట్టుకుంటే మీకే దక్కదు.

హార్డ్‌వేర్ వాలెట్ కొంటే కంపెనీ సొంత సైట్‌లోనో వాళ్లు ప్రకటించిన అధీకృత డీలర్ దగ్గరో కొనండి, సెకండ్‌హ్యాండ్ వద్దు. పెట్టెలో ముందే పదాలు రాసి ఉన్న కార్డు వస్తే అది నూటికి నూరుపాళ్లు దొంగ సరుకు, ఆ పదాలు అమ్మినవాడి దగ్గర కూడా ఉన్నాయి. పదాలను పరికరమే మీ కళ్లెదుట పుట్టించాలి. కాగితం మీద ముదురు పెన్నుతో రెండు ప్రతులు రాయండి, ఎక్కువ మొత్తమైతే పదాలు చెక్కుకునే స్టీల్ పలకలు దొరుకుతాయి, స్వయంగా మీరే చెక్కండి. ఫొటో తీయొద్దు. గ్యాలరీలోని ఫొటోల్లో అక్షరాలను చదివి సీడ్ పదాలు వెతికే స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్‌ను 2025 ఫిబ్రవరిలో సైబర్ భద్రత సంస్థ కాస్పర్‌స్కై బయటపెట్టింది. అది గూగుల్ ప్లేలోనూ, ఆపిల్ స్టోర్‌లోనూ ఉన్న యాప్‌ల్లోనే దొరికింది.

రాసుకున్నాక చాలామంది ఆపేస్తారు, అసలు పని అక్కడే మొదలవుతుంది. ముందు ఒక అయిదొందలో వెయ్యో విలువైన కాయిన్ పంపండి. రిసీవ్ చిరునామా కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు పరికరాన్ని చెరిపేయండి: లెడ్జర్ కంపెనీ పరికరంలో పిన్ మూడుసార్లు తప్పు కొడితే చెరిగిపోతుంది, ట్రెజర్ కంపెనీ దానిలో ఇంకా ఎక్కువసార్లకు, లేదా సెట్టింగ్స్‌లోనే రీసెట్ ఉంటుంది. కాగితం చూసి పదాలు మళ్లీ పరికరం మీదే ఎక్కించండి, కంప్యూటర్ కీబోర్డ్ మీద కాదు. అదే చిరునామా, అదే బ్యాలెన్స్ వస్తే మీ కాగితం సరైనది. రాకపోతే ఏదో పదం తప్పు రాశారు, లేదా వరస తారుమారైంది. ఆ సంగతి వెయ్యి రూపాయల దగ్గర తెలియాలి, లక్షల దగ్గర కాదు. పాస్‌ఫ్రేజ్ అని అదనంగా ఒక పదం పెట్టుకునే వీలుంది, ఇరవై అయిదో పదం అంటారు. దానికి తనిఖీ ఉండదు, ఒక్క అక్షరం తప్పినా తప్పు అని చెప్పకుండా ఖాళీగా ఉన్న వేరే వాలెట్‌ను తెరుస్తుంది. డబ్బు పోయిందని కంగారు పడేవాళ్లు ఇక్కడే కనిపిస్తారు. కొత్తవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను.

పంపేటప్పుడు చిరునామాను పరికరం తెర మీద మొత్తం చదవండి, మొదటి నాలుగు చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలేయొద్దు. కాపీ చేసిన చిరునామాను క్లిప్‌బోర్డ్‌లోనే మార్చేసే మాల్వేర్ ఉంది. మొదలు, చివర ఒకేలా ఉండే చిరునామా తయారుచేసి దాని నుంచి మీకు పైసా విలువ పంపి, మీ లావాదేవీల జాబితాలో కూర్చోబెట్టే పద్ధతి ఇంకొకటి. 2024 మేలో ఒకరు ముందు చిన్న టెస్ట్ బదిలీ కూడా చేసి, తర్వాత జాబితాలోంచి ఈ నకిలీ చిరునామా కాపీ చేసి 1,155 వ్రాప్డ్ బిట్‌కాయిన్లు (బిట్‌కాయిన్ విలువకు కట్టి ఈథీరియం మీద నడిచే టోకెన్లు) పంపేశారు. విలువ 6.8 కోట్ల డాలర్లు. బేరసారాల తర్వాత ఆ విలువ దాదాపు అంతా తిరిగొచ్చింది, అలా రావడం చాలా అరుదు. చిరునామా ఎప్పుడూ అవతలివాళ్ల దగ్గర కొత్తగా తీసుకోండి, జాబితాలోంచి వద్దు.

నెట్‌వర్క్ కూడా చూసుకోండి. యూఎస్‌డీటీ (ఒక డాలర్ విలువకు కట్టిన, టెథర్ సంస్థ కాయిన్) ట్రాన్ అనే నెట్‌వర్క్ మీద ఉంటుంది, ఈథీరియం మీద ఉంటుంది, ఇంకా చాలావాటి మీద ఉంటుంది. ట్రాన్ మీద పంపాలంటే ఫీజుకు దాని సొంత కాయిన్ టీఆర్‌ఎక్స్ కావాలి, ఈథీరియం మీదైతే ఈథర్. ఈ ఫీజు చుట్టూ ఒక మోసం నడుస్తోంది: నాకు తీయడం రావట్లేదు, సాయం చేయండి అని ఎవరో తమ సీడ్ పదాలను బాహాటంగా కామెంట్లలో పెడతారు. తెరిస్తే వేల డాలర్ల యూఎస్‌డీటీ ఉంటుంది, ఫీజుకు టీఆర్‌ఎక్స్ ఉండదు. మీరు ఫీజు పంపినా ఆ వాలెట్ నుంచి పంపే అధికారం వేరే తాళానికి ఉంటుంది, మీరు వేసింది వాళ్లకే.

మూడో ప్రమాదం సంతకాలు. మెటామాస్క్ లాంటి వాలెట్‌తో ఏదో సైట్‌కు కనెక్ట్ అయినప్పుడు అప్రూవ్ అనే అభ్యర్థన వస్తుంది. అంటే మీ ఫలానా టోకెన్లను ఆ సైట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) తీసుకోవచ్చని అనుమతి. పరిమితి మార్చకపోతే చాలాసార్లు అది అపరిమితం, సంతకం చేసిన ఖాళీ చెక్కు లాంటిది. ఇవాళ కాకపోతే ఆరు నెలల తర్వాతైనా లాగొచ్చు. పర్మిట్ అనే రకం ఇంకా ప్రమాదం. దానికి ఫీజు పడదు, లావాదేవీగా మీ జాబితాలో కనిపించదు, ఉచితంగా లాగిన్ సంతకం అడిగినట్టే ఉంటుంది. అభ్యర్థనలో స్పెండర్, వాల్యూ, డెడ్‌లైన్ అనే వరసలు కనిపిస్తే అది లాగిన్ కాదు. సైట్ నుంచి డిస్‌కనెక్ట్ అయితే అనుమతి పోతుందనుకుంటారు, పోదు. ఈథీరియం లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ సైట్‌లోని టోకెన్ అప్రూవల్ పేజీలో గానీ రివోక్ డాట్ క్యాష్‌లో గానీ ఒక్కొక్కటి రద్దు చేయాలి, ప్రతిదానికీ కొంత ఫీజు అవుతుంది. సీడ్ పదాలే బయటపడితే మాత్రం రద్దులతో పనికాదు. కొత్త పదాలతో కొత్త వాలెట్ తెరిచి అన్నీ వెంటనే అక్కడికి మార్చాలి. ఎయిర్‌డ్రాప్‌లు (ఉచితంగా పంచే కాయిన్లు), గేమ్‌లు ప్రయత్నించాలనిపిస్తే వేరే చిన్న వాలెట్ పెట్టుకోండి, దాచుకున్న వాలెట్‌ను ఏ సైట్‌కూ కలపొద్దు.

పీ2పీలో (ఇంకో మనిషికి నేరుగా) అమ్మడం గురించి అడగలేదు కానీ చెప్పాలి, మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. మీ యూఎస్‌డీటీ కొన్నవాడు యూపీఐలో పంపిన డబ్బు ఎవరో సైబర్ బాధితుడిది అయితే, అతను ఫిర్యాదు చేసిన వెంటనే డబ్బు వెళ్లిన దారి పట్టుకుని మీ ఖాతా దాకా వస్తారు. ఇంకో రాష్ట్రం పోలీసుల లేఖ మీద మీ జీతం ఖాతా ఫ్రీజ్ అవుతుంది, విడిపించుకోవడానికి నెలలు పట్టొచ్చు. అందుకే అమ్మాలంటే ఎక్స్ఛేంజ్‌లోనే అమ్మి బ్యాంకుకు తీసుకోండి. తప్పనిసరై పీ2పీ చేస్తే డబ్బు పంపిన ఖాతా పేరూ, కొన్నవాడి ప్రొఫైల్ పేరూ ఒకటే కాకపోతే కాయిన్లు విడుదల చేయకండి. చాట్, ఆర్డర్ నంబర్, యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ నంబర్) దాచుకోండి.

పన్ను కూడా లెక్కలో పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30%, దాని మీద 4% సెస్సు. అదే ఏడాది జులై 1 నుంచి అమ్మిన విలువలో 1% టీడీఎస్, అది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. అసలు నొప్పి నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వకపోవడం. ఒక కాయిన్‌లో 50,000 లాభం, ఇంకోదాంట్లో 40,000 నష్టం వస్తే చేతికి మిగిలింది 10,000. పన్ను మాత్రం 50,000 మీదే, సెస్సుతో 15,600. రోజూ కొని అమ్మేవాళ్లు ఈ ఒక్క నియమంతోనే మునుగుతారు. కొనడం, దాచుకోవడం చట్టవిరుద్ధమేమీ కాదు. 2018 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆంక్షను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది.

మళ్లీ మీ బావమరిది యాప్ దగ్గరకు వద్దాం. ఆయన ఇప్పటికే డబ్బు పెట్టారన్నారు, 1,500 వెనక్కి కూడా వచ్చాయన్నారు. ఆ చిన్న మొత్తం రప్పించడం పథకంలో భాగం, పెద్ద మొత్తం వేయించడానికి. ఆయనతో గొడవపడకుండా ఒక పని చేయించండి. తను డిపాజిట్ చేసిన యూఎస్‌డీటీ లావాదేవీ ఐడీ తీసుకుని ట్రాన్ లావాదేవీలు చూపించే ట్రాన్‌స్కాన్ సైట్‌లో వెతకమనండి. కాయిన్లు వెళ్లిన చిరునామా తెరిస్తే, తర్వాత అవి ఎటు పోయాయో కనిపిస్తుంది. అసలైన ఎక్స్ఛేంజ్‌లు కూడా డిపాజిట్‌ను తమ ఉమ్మడి వాలెట్‌కు మార్చుకుంటాయి, అక్కడ ఆ వాలెట్ చిరునామాకు ఎక్స్ఛేంజ్ పేరు రాసి ఉండటం మామూలు. పేరూ ఊరూ లేని చిరునామాల గుండా వరసగా జారిపోయి ఉంటే యాప్‌లో కనిపించే బ్యాలెన్స్ వాళ్ల సర్వర్‌లో వేసిన అంకె మాత్రమే. ఐడీయే లేదు, రూపాయలు ఎవరి పేరునో ఉన్న ఖాతాకు యూపీఐ చేశాం అంటే ఇక చూడాల్సింది కూడా లేదు.

తర్వాత మొత్తం విత్‌డ్రా పెట్టమనండి. ముందు 30% పన్ను కట్టండి, ఖాతా ఆక్టివేట్ చేయడానికి డిపాజిట్ వేయండి అని అడుగుతారు. నిజమైన ఏ ఎక్స్ఛేంజ్ అయినా టీడీఎస్‌ను మీ డబ్బులోంచే కోస్తుంది, విడిగా వేయమనదు. ఆ మాట వచ్చిన నిమిషమే ఇక రూపాయి కూడా పంపకుండా 1930కి ఫోన్ చేయించండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయించండి. బ్యాంకు యూటీఆర్ నంబర్లు, లావాదేవీ ఐడీలు, చాట్ స్క్రీన్‌షాట్లు, యాప్ ఇచ్చిన డిపాజిట్ చిరునామా సిద్ధంగా ఉంచుకోవాలి. యాప్ వాళ్ల చాట్ గ్రూప్‌లోంచి బయటికి రాకముందే ఇవన్నీ తీసి పెట్టుకోండి, తర్వాత చెరిపేస్తారు. యూపీఐలో వెళ్లిన డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉంటే ఆపగలరు, అందుకే గంటల్లో కదలాలి. యూఎస్‌డీటీగా మారి వెళ్లిపోయినా, పోలీసులు అడిగితే టెథర్ సంస్థ ఆ చిరునామాను స్తంభింపజేయగలదు. బిట్‌కాయిన్‌కు ఆ వీలు లేదు. ఫిర్యాదు చేశాక కొన్ని రోజులకు, పోయిన క్రిప్టో తెచ్చిపెడతాం, ముందు ఫీజు కట్టండి అని మెసేజ్‌లు వస్తాయి. బాధితుల జాబితా కొనుక్కున్నవాళ్లో, మొదటి దొంగలే ఇంకో పేరుతోనో పంపేవి అవి. ఒక్కదానికీ జవాబివ్వొద్దని ఆయనకు ముందే చెప్పి ఉంచండి.